మారుగొంతుల సభ

2071 నాటికి కాకినాడలో మనుషులు వార్డు సభకి వెళ్ళడం పూర్తిగా మానేశారు. ఆ పూట హాయిగా ఇంట్లో పెసరట్లు వేసుకునేవారు. సభకి వాళ్ళ మారుగొంతులు వెళ్ళేవి.

మారుగొంతు అంటే డాక్టర్ భానోజీ కనిపెట్టిన న్యూరల్ మోడల్. ఏడాదిపాటు ఇంట్లో యజమాని మాటలు విని, ఇష్టాలూ కోపాలూ నేర్చుకుని, సభలో అతని బదులు మాట్లాడి ఓటేస్తుంది. అచ్చు గుద్దినట్టు యజమానే. అక్కడ ఎవరూ కాదనకపోతే తీర్మానం నెగ్గినట్టే. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మునిసిపాలిటీవాళ్ళు మిగతా సగం కూడా కలిపేసుకున్నారు.

వార్డులోని ప్రసూతి ఆస్పత్రిని ఉప్పుటేరు అవతలికి మార్చాలన్న తీర్మానం తొలి సభలో అలాగే నెగ్గింది. ఇక తుది సభలోనూ నెగ్గితే ఖాయమే. అది విని గర్భిణి సువర్చల వేళ్ళు మడిచి నెలలు లెక్కేసుకుంది. ఆమె కాన్పు సరిగ్గా తుపాన్ల కాలంలో. పోటెత్తితే ఏరు దాటే దారే ఉండదు. వీధిలో అడిగితే అందరూ మండిపడ్డారు, మా మారుగొంతు అడ్డం తిరిగే ఉంటుందన్నారు. మరెలా నెగ్గినట్టు? యంత్రమే చెడిపోయి ఉంటుందని ఆమె భానోజీ దగ్గరికి వెళ్ళింది.

ఆయన సభ రికార్డింగ్ వినిపించాడు. అభ్యంతరాలున్నాయా అని అడిగినప్పుడు రెండు వేల మారుగొంతుల్లో ఒక్కటీ కిక్కురుమనలేదు. సువర్చల తన మారుగొంతునే నిలదీసింది.

"నాకూ కడుపు మండిందండి," అంది అది ఆమె గొంతుతోనే. "ముందు మనకెందుకులే, పక్కింటి వజ్రమ్మగారిది అంటుంది కదా అని చూశానండి. అదీ నాకేసే చూస్తోందండి."

"ఇది చెడిపోలేదమ్మా," అన్నాడు భానోజీ తల గోక్కుంటూ. "మరీ బాగా పనిచేస్తోంది."

సువర్చలకి సిగ్గేసింది. ఒళ్ళూ మండింది, ఎవరి మీదో తెలియలేదు. తుది సభకి తనే వెళ్తే రానిస్తారా అని అడిగింది. ఆ హక్కు ఎవరూ తీసెయ్యలేదు, వాడుకోవడమే మానేశారు అన్నాడాయన.

సభా మందిరంలో గోడ నిండా మారుగొంతుల పెట్టెలే. కుర్చీ ఒక్కటే, అధికారిది. ఆయన అభ్యంతరాలున్నాయా అని అలవాటుగా అడిగేసి తర్వాతి తీర్మానం అందుకోబోయాడు.

"ఉందండి," అంది సువర్చల. "నేనొప్పుకోనండి. ఏరు పోటు మీదుంటే మేం ఎక్కడ కనాలండి?"

గోడమీది పెట్టెలన్నీ కలిసి ఒక్కసారే, నేనూ అదే అందామనుకుంటున్నానండి అన్నాయి. తీర్మానం వీగిపోయింది.

ఆ సాయంత్రం వీధిలో ఏ ఇంట విన్నా, ముందు అందుకున్నది మా మారుగొంతేనన్న గొప్పలే. సువర్చల నవ్వుకుంది. తుపాను ముసురులో, నాలుగడుగుల దూరంలోని ఆ ఆస్పత్రిలోనే ఆమె ఆడపిల్లని కంది.

బాలింతని చూడ్డానికొచ్చిన వజ్రమ్మగారు పిల్లని ఒళ్ళో వేసుకుని, పోలికలన్నీ తేల్చాక అసలు సంగతికొచ్చారు. వచ్చే నెల సభలో చేపల మార్కెట్టు ఎత్తేస్తారట.

"మీరైతే బాగా మాట్లాడతారండి. మా అందరి తరఫునా వెళ్ళి ఓ మాట అనేసి వచ్చెయ్యండి. మేం ఇంట్లోంచి వింటాం లెండి."

వీధి మొత్తానికి కొత్త మారుగొంతు తనేనని సువర్చలకి అర్థమైంది. కోపం రాలేదు. మొన్నటిదాకా తనూ అంతేగా.

"అలాగేనండి," అంది. "పిల్లని మాత్రం మీరు ఎత్తుకుని రండి. దాంతోపాటు మీరూ నా పక్కనే నిలబడుదురుగాని."