చల్లబరిచిన ఫైలు

గగన్‌పహాడ్ హైవే మీద లారీ గుద్దడంతో స్కూటర్ మీదున్న సైంటిస్ట్ ముత్తయ్య అక్కడికక్కడే చనిపోయాడు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. కానీ లారీలోంచి ఒకడు దిగి, శవం జేబులు వెతికి మరీ వెళ్లాడని పాన్‌డబ్బా మనిషి చెప్పాడు.

మర్నాడు ఏజెంట్ రాఘవేందర్ ఎయిర్‌పోర్ట్ కార్గో గేటు బయట, ఆగి ఉన్న వ్యాన్‌లో కూర్చున్నాడు. ముత్తయ్య అతని చిన్ననాటి దోస్తు. అయినా ఏడుపు రాలేదు. పళ్ల డాక్టర్ సూది ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది.

ఎదుటి సీట్లో ఉన్న చీఫ్ స్వరాజ్యం సూటిగా విషయానికి వచ్చింది.

"ముత్తయ్య శాటిలైట్ల నుంచి భూమి టెంపరేచర్ లెక్కగట్టేవాడు. పైన థర్మామీటర్ ఉండదు. గాలిలోని ఆక్సిజన్ వదిలే మైక్రోవేవ్‌ని పట్టి వేడిని అంచనా వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ కక్ష్య జరుగుతుంది. మధ్యాహ్నం దాటాల్సిన చోటును శాటిలైట్ సాయంత్రం దాటుతుంది. దాంతో భూమే చల్లబడ్డట్టు కనిపిస్తుంది. ఆ తప్పును సరిచేసే ఫైలు ముత్తయ్యది."

"దాన్ని మార్చిన్రా?"

"ఆర్కిడ్ అనే విదేశీ ముఠా మార్చింది. నకిలీ ఫైలు ఇవాళ నాలుగింటికి తుక్కుగూడ గ్రౌండ్ స్టేషన్ నుంచి అన్ని దేశాలకూ వెళ్తుంది. నలభై ఏళ్ల వేడి మాయం. వడగాలుల హెచ్చరికల దగ్గర్నుంచి అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి."

"సర్వర్ బంద్ చేస్తే?"

"విదేశంలోని బ్యాకప్ పంపేస్తుంది. ముత్తయ్య సెక్యూరిటీ కీ ఒక్కటే ఆపగలదు. శవం దగ్గర అది లేదు. ముఠాలో మన మనిషి శిరీష దుబాయ్ ఫ్లైట్‌కి బయల్దేరుతోంది. క్యాబ్ డ్రైవర్‌గా వెళ్లు. కీ ఎవరి దగ్గరుందో ఆమె చెబుతుంది."

క్యాబ్‌గా ఇచ్చిన కారు డాష్‌బోర్డు మీద గణేశుడి బొమ్మ పెట్టారు. కీ దగ్గరికొస్తే బొమ్మ చేతిలోని లడ్డూ వెలుగుతుంది.

"వేలంలో లక్షలు పలికే బాలాపూర్ లడ్డూ కంటే ఖరీదైంది. జాగ్రత్త," అంది స్వరాజ్యం.

తుక్కుగూడ రిసార్ట్ ముందు శిరీష కారెక్కింది. తెల్లటి పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, విదేశీ సెంటు.

"ఏసీ పెంచాల్నా మేడం?"

"వద్దండి, నాకు చలి పడదు."

కోడ్ సరిపోయింది. అదే క్షణంలో లడ్డూ వెలిగింది.

రాఘవేందర్ ముఖం మారలేదు. "కీ ఎవరి దగ్గరున్నది?"

"గగన్‌పహాడ్ గోడౌన్‌లో దాచారు. నన్ను దింపేసి వెళ్లండి."

అతను అవుటర్ సర్వీస్ రోడ్డు మీద చెట్టు నీడైనా లేని చోట కారు ఆపాడు. డోర్లు లాక్ చేశాడు. ఏసీ కట్టేశాడు.

"కీ ఇయ్యి."

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం. దాన్ని చూసినా అతనికి భయం వేయలేదు.

"కాల్చుకో. డోర్లు నా వేలు పెడితేనే తెరుచుకుంటయ్, అదీ నాడి కొట్టుకుంటుంటేనే. అద్దాలు బుల్లెట్‌ప్రూఫ్."

మే నెల ఎండ కారును పెనంలా కాల్చింది. ఆమె మేకప్ కారిపోతోంది.

"నిజం తెలిసినా ఎవరూ ఏమీ మార్చరండీ. మీ స్నేహితుడు అనవసరంగా చచ్చిపోయాడు."

"కావచ్చు. నీ ఫైల్ల భూమి చల్లబడ్డది గదా, నీకు గింత చెమటేంది?"

ఊపిరాడక ఆమె తుపాకీ వదిలేసింది. హ్యాండ్‌బ్యాగ్ అడుగు చించి కీ అతని మీదికి విసిరింది.

రాఘవేందర్ దాన్ని ఫోన్‌కి తగిలించి గ్రౌండ్ స్టేషన్ ఆపరేటర్ బిక్షంను లైన్లో పట్టుకున్నాడు.

"అన్నా, నాలుగైంది, ఫైలు పోతున్నది! స్క్రీన్ మీద గీత నిండొచ్చింది!" బిక్షం అరిచాడు.

"కీ పెట్టిన. ఆపు!"

ఫోన్‌లో కీబోర్డు టకటకలాడింది.

"ఆగింది అన్నా. జరంత మిగిలింది, గంతే. ముత్తన్న అసలు ఫైలు ఎక్కిస్తున్న."

శిరీషను పోలీసులకు అప్పగించి, రాఘవేందర్ ముత్తయ్య భార్య మంజులకు ఫోన్ చేశాడు.

"వదినా, ముత్తయ్య లెక్క ఖరాబ్ కాలే."

"మంచిది. అన్నం తిన్నవా?"

నిన్నటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఫోన్ పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. పైనుంచి విమానం ఒకటి దిగుతోంది.

తర్వాత స్వరాజ్యం ఫోన్ వచ్చింది. "అసలు ఫైలు అన్ని సెంటర్లకూ చేరింది. రికార్డుల్లో భూమి మళ్లీ వేడెక్కుతోంది."

"సంతోషం మేడం," అన్నాడు రాఘవేందర్, చెమట తుడుచుకుంటూ.