రెండో గీత

గొంతు నొప్పని వారమంతా క్లినిక్‌కు వచ్చిన కుర్రాళ్లలో ఒక్కరికీ జబ్బు లేదని తన్మయి శనివారం సాయంత్రం కనిపెట్టింది.

చిక్కడపల్లి సందులోని ఆ క్లినిక్ డాక్టర్ విద్యావతిది. గొంతులో దూదిపుల్ల తిప్పి, ఐదు నిమిషాల్లో ఇన్ఫెక్షన్ సంగతి తేల్చే కొత్త కిట్‌ను అక్కడ పరీక్షిస్తున్నారు. ఒక పుల్ల కిట్‌కు, ఇంకో పుల్ల ల్యాబ్‌కు. రెండు జవాబులూ పోల్చి చూడటం తన్మయి పని. కిట్‌లోని స్ట్రిప్ మీద ఒక గీత వస్తే జబ్బు లేదు. రెండు వస్తే ఉంది.

"కిట్ లేదంది, ల్యాబ్ లేదంది. మంచి కిట్టే కదా మేడం?"

"జబ్బు లేనోళ్లకు లేదని చెప్పుడు గొప్పనా?" విద్యావతి కళ్లద్దాలు తీసింది. "వీళ్లను కలిపి మంచిదని రాస్తవు. రేపు నిజంగ జబ్బున్న పిల్లకు ఒక్క గీతే వస్తది. మందియ్యకుండ పంపిస్త. అప్పుడేంది?"

తన్మయి తలుపు తీసి బయట కూర్చున్నతన్ని పిలిచింది.

ఆఖరి పేషెంట్ శశాంక్, అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాడు. ఏమైందని తన్మయి అడగ్గానే కళ్లు మూసుకున్నాడు.

"మింగుతుంటే ముల్లు గుచ్చినట్టయితుంది. చెవి దాక గుంజుతుంది. జ్వరముంది, దగ్గు లేదు."

పొద్దున వచ్చినవాడూ ఇదే వరసలో ఇవే మాటలు అప్పజెప్పాడు.

"మధ్యాహ్నం ఏం తిన్నరు?"

శశాంక్ కళ్లు తెరిచాడు. "మిర్చి బజ్జీలు."

"ముల్లు గుచ్చలేదా?"

"గా ప్రశ్నొస్తదని అనుదీపన్న చెప్పలే మేడం."

అనుదీప్.

తొలివానల్లో వచ్చిన తొలి పేషెంట్. గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఒళ్లు కాలిపోతున్నా నవ్వుతూనే కూర్చున్నాడు. కిటికీ అవతల నారాయణగూడ వైపు రోడ్డంతా తడి వెలుగు. ఇద్దరూ స్ట్రిప్ వైపే చూశారు. "ఇట్ల చూస్తే గీత సిగ్గుపడ్తదేమో మేడం," అన్నాడతను. నీళ్లలో గులాబీ రేకు తేలినట్టు, మెల్లగా, రెండో గీత వచ్చింది. అతను అడిగితే ఆమే చెప్పింది, పేషెంట్లు చాలకపోతే తనను అంబర్‌పేట్ క్లినిక్‌కు పంపేస్తారని.

తన్మయి గొడుగు తీసుకుని బయటికి నడిచింది. ఎదురు షాపు చూరు కింద అనుదీప్ తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"శశాంక్ అంతా చెప్పిండు. పాస్ కాలే."

అతను తల దించుకున్నాడు.

"మీకు తమాషానా? ఈ కిట్‌ను నమ్మి రేపు డాక్టర్లు వైద్యం చేస్తరు. వీళ్లందర్నీ లెక్కలోంచి తీసేస్తున్న. నన్ను అంబర్‌పేట్ పంపినా సరే. ఎందుకు చేసిన్రు?"

చూరు నీళ్లు వాళ్లిద్దరి మధ్య సన్నని తెరలా రాలుతున్నాయి. ఆమె గొడుగును కాస్త ముందుకు వంచింది. అతను ఆ నీడలోకి వచ్చాడు.

"తప్పు నాదే మేడం. పరీక్ష బిట్ల లెక్క నేనే అందరికీ కంఠస్థం చేపిచ్చిన. మీరు పోతరని పరేషానయిన. ఆ ఐదు నిమిషాలు మీ పక్కన కూర్చున్న కదా, పుస్తకం తెరిస్తే గదే కనవడ్తుంది. నాకు మళ్ల గొంతు నొప్పి వస్తలేదు, ఏం చెయ్యాలె? వాళ్లందర్నీ కొట్టెయ్యండి. నన్నొక్కన్ని ఉంచుకోండి. నాది మాత్రం నిజమే మేడం. రెండో గీత మీరే చూసిన్రు."