తెల్లారేసరికి మళ్లీ పాత సర్వీసే

ఆ నీళ్ల బిల్లుల ఆఫీసులో వరండా చివరి గది పేరెత్తితే చాలు, వాచ్‌మన్ మాట మార్చేస్తాడట. చీకటి పడ్డాక అటు తొంగి కూడా చూడడు. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ప్రాణం పోతే ఎక్కడ వెతుక్కోను?" అంటాడు.

అది ప్రింటింగు గది. పగలు చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. బల్ల మీద యూనిక్స్‌తో నడిచే ఒక కంప్యూటరు మిషను, కిటికీ పక్కన కొత్త ప్రింటరు, మూలన గుడ్డ కప్పిన పాత ప్రింటరు, చేతులు అరిగిపోయిన ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్న పెద్ద ఆపరేటరు కిందటేడు నిద్రలోనే పోయాడు. ఇప్పుడు అందులో కూర్చుంటున్నది ఆయన భార్య.

గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ మిషనులో అచ్చు పనికి రెండు సర్వీసులున్నాయి, అంటే ప్రింటర్లకి పని పంపే ప్రోగ్రాములు, పాతదీ కొత్తదీ. రెండూ ఒకేసారి నడవవు. ఒక్క కమాండు కొడితే ఒకటి పడుకుంటుంది, రెండోది లేస్తుంది. పాత ప్రింటరు పాత సర్వీసు మాటే వింటుంది, కొత్త ప్రింటరు కొత్తదాని మాట. ఆయన పోయాక పాత ప్రింటరు జోలికి ఎవరూ పోలేదు, బిల్లులు బయటే వేయించారు. ఇప్పుడు కొత్తదానికి మార్చే పని ఆవిడకి అప్పగించారు. మార్చింది. బిల్లులు చకచకా వచ్చాయి. సంతోషంగా తాళం వేసి ఇంటికెళ్లింది.

తెల్లారి వచ్చి చూస్తే... మళ్లీ పాత సర్వీసే.

తనే ఏదో పొరపాటు చేశానేమో అనుకుని మళ్లీ మార్చింది. మర్నాడూ అంతే. పైగా ఈసారి పాత ప్రింటరు నోట్లోంచి ఒక కాగితం వేలాడుతోంది. చూస్తే దాని ప్లగ్గు పీకేసి ఉంది. కాగితం మీద అరచేతంత అక్షరాలు –

ఆయన పేరు.

ఇంకేముంది, ఆఫీసంతా గుప్పుమంది. తాళంచెవి వాచ్‌మన్ బల్ల మీదే పడి ఉంటున్నా, రాత్రిపూట దాన్ని ముట్టుకునేంత గుండె ఎవరికుంది? "ఆయనే వస్తున్నాడు. తన కుర్చీలో పెళ్లాం కూర్చోవడం గిట్టడంలేదు" అని చెవులు కొరుక్కున్నారు. అందరికంటే ఎక్కువ బెదిరిపోయింది ఆడపడుచు. అదే ఆఫీసులో వసూళ్ల కౌంటరులో పని చేస్తుంది. "వదినా, ఆ కుర్చీ వదిలెయ్. అన్నయ్యకి ఇష్టం లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వదినగారికి ఒళ్లు మండింది. "బతికున్నన్నాళ్లూ మీ అన్నయ్య నన్ను లేవమన్నది లేదు. చచ్చిపోయాక లేవమంటాడా? అంటే అననీ. నేను లేవను."

మూడోసారీ అంతే అయ్యేసరికి మేనేజరు పిలిచాడు. "చూడమ్మా, రేపు పొద్దున కూడా పాతదే ఉంటే ఆ గది మూయించేస్తాను. బిల్లులు మళ్లీ బయటే వేయించుకుంటాం. మీరు గోడౌనుకి వెళ్దురుగాని."

గోడౌనంటే తుప్పు పైపులూ, ఎలకలూ. వాటికి ఆవిడ జంకలేదు. కానీ ఈ పని తనకి ఊరికే రాలేదు. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకుంది, అందరి నవ్వులూ భరించింది. ఆ కుర్చీ ఇప్పుడు మొగుడిది కాదు, తనది. దాన్ని దెయ్యానికి వదిలిపెట్టి పోయే రకం కాదు ఆవిడ.

ఆ సాయంత్రం కొత్త సర్వీసుకి మార్చి, అందరూ చూస్తుండగా తాళం వేసింది. ఆఫీసు ఖాళీ అయ్యాక తన దగ్గరున్న రెండో తాళంచెవితో తీసుకుని లోపలికెళ్లి, గడియ పెట్టకుండా తలుపు మూసి, కాగితాల పెట్టెల వెనక కూర్చుంది. లైటు వేయలేదు.

చీకటి. మిషను చిన్న దీపం ఒక్కటే పచ్చగా వెలుగుతోంది. ఎంతసేపు గడిచిందో...

వరండాలో అడుగుల చప్పుడు.

ఆగింది... మళ్లీ వినిపించింది... తాళంలో చెవి తిరిగింది. తిరిగి, తాళం ముందే తీసి ఉందని తెలిసి కాబోలు, కాసేపు కదలిక లేదు. తర్వాత తలుపు మెల్లగా తెరుచుకుంది.

ఒక నీడ తిన్నగా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. తడుముకోలేదు. బాగా అలవాటైన చోటికి వచ్చినట్టే కూర్చుంది.

నిజంగా ఆయనేనేమో... నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆవిడకి కలిగింది భయం కాదు, ఆశ. ఆయనే అయితే బాగుండునని.

టకటకమని మీటలు మోగాయి. నీడ లేచి మూలకి వెళ్లింది. ప్లగ్గు పెట్టింది. పాత ప్రింటరు ఒక్కసారి ఒళ్లు విరుచుకుని – కర్ర్... కర్ర్... కర్ర్...

చీకట్లో కాగితం పైకి లేస్తోంది. నీడ దాని మీదకి వంగింది. అక్షరాలని వేళ్లతో నిమిరింది. తర్వాత చెయ్యి ప్లగ్గు వైపు సాగింది –

"ఆగు!"

ఆవిడ లైటు వేసింది.

ఆడపడుచు!

"నువ్వా..." అంది ఆవిడ.

"వదినా..." ఆడపడుచు గోడకి జారగిలబడి ఏడ్చేసింది. "ఈ కుర్చీలో కూర్చోబెట్టి అన్నయ్యే నాకు కమాండులు నేర్పాడు. కొత్తది వస్తే ఈ ప్రింటర్ని పాత సామానుకి పంపించేస్తారు. అన్నయ్య పంపించిన ఆఖరి పని ఇందులోనే ఉండిపోయింది వదినా. పాత సర్వీసు ఏ పనికైనా ముందు పంపినవాళ్ల పేరు వేస్తుంది, ప్లగ్గు పెడితే అన్నయ్య పేరు వస్తుంది. పూర్తిగా అచ్చయితే ఇంక రాదు. అందుకే మధ్యలో పీకేస్తున్నాను. పీకేస్తే మళ్లీ మొదట్నుంచీ వస్తుంది..."

ఆవిడకి అప్పుడర్థమైంది. ఆ ఆఖరి సాయంత్రం కాగితం ఇరుక్కుంది. "రేపు చూద్దాంలే" అని ప్లగ్గు పీకి వచ్చానని ఆ రాత్రి ఇంట్లో చెప్పాడాయన. ఆ రేపు ఆయనకి రాలేదు. పని మాత్రం పాత సర్వీసు క్యూలో అలాగే కూర్చుంది.

"నీకు అన్నయ్య కావాలి, సరే. మరి నేను గోడౌనుకి పోవాలా?"

ఆడపడుచు తలెత్తలేదు. "అంతదాకా వస్తుందనుకోలేదు వదినా... ఇప్పుడు పీకేయనా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరుస్తాను. ఆయన మొదలుపెట్టిన పని ఏదీ సగంలో వదల్లేదు. దీన్నీ పూర్తి కానీ."

ఇద్దరూ ఆ కాగితం ముందు కూర్చున్నారు. పేరు పూర్తయింది. రెండో కాగితం లేచింది. ఏముంటుందో... ఎవరికి ఏం చెప్పాడో... ఆడపడుచు ఊపిరి బిగపట్టి చూస్తోంది.

వరసగా గీతలు. వాటి కింద చుక్కలు. మళ్లీ గీతలు. కాగితం అంచు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఆయన రోజూ వేసుకునే పరీక్ష కాగితం. అంతే!

ఆవిడకి ముందు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. "చూశావా మీ అన్నయ్యని? పోయి ఏడాదైనా ఇంకా అంచులే సరిచూస్తున్నాడు."

చివరి గీత పడింది. ప్రింటరు ఆగిపోయింది. మళ్లీ ప్లగ్గు తీసి పెట్టి చూసినా కదల్లేదు. ఆవిడ ఆ రెండు కాగితాలూ చింపి, మడిచి ఆడపడుచు చేతిలో పెట్టింది. "ఇవి నువ్వే ఉంచుకో. ఇక ఈ గదిలోకి రావాలంటే పగలు రా, టీ తాగుదాం." తర్వాత కుర్చీలో కూర్చుని కొత్త సర్వీసుకి మార్చే కమాండు కొట్టింది.

తెల్లారింది. మేనేజరు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని తలుపు తోశాడు. కొత్త ప్రింటరు ముందు నేల మీద ఒక కాగితం. దాని మీద అరచేతంత అక్షరాలు! వెనకున్న ఇద్దరూ అప్పటికే వరండాలో ఉన్నారు.

"రాత్రి... ఎవరైనా వచ్చారా అమ్మా?" మేనేజరు ఆ కాగితానికి ఎడంగా జరిగి అడిగాడు.

"వచ్చారు సార్. మా ఇంటివాళ్లే. చూసి వెళ్లారు, ఇక రారు." ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది. "ముందా కాగితం మీద పేరు చదవండి."

మేనేజరు వంగి చదివాడు. అది ఆయన పేరు కాదు. ఆవిడది.

"భయపడకండి సార్. ఇకనుంచి ఈ గదిలో తిరిగేది నేనొక్కదాన్నే."