అంకుల్ చెప్పారు

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని మనకి ఎవరు నేర్పారో గానీ, నా విషయంలో జరిగింది శనివారం ఉదయం పదిన్నరకి. బయట మంచు పడి, దాని మీద ఎండ పడి, కళ్ళు తెరవలేనంత వెలుతురు. మా టౌన్‌హౌస్ పై రెండు అంతస్తుల్లో లైటు అక్కర్లేదు. బేస్‌మెంట్‌కి మాత్రం కిటికీ లేదు.

అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో ఈ ఇల్లు నేనూ శశికళా కలిసి కొన్నాం. విడాకులయ్యాక ఇల్లు నాకు మిగిలింది, కూతురు ఆవిడకి మిగిలింది. ప్రణవికి పదకొండేళ్ళు. వారం విడిచి వారం శుక్రవారం సాయంత్రం నా దగ్గరికొస్తుంది, ఆదివారం వెళ్ళిపోతుంది. వచ్చి చేసేదేముంది? ఒక సోఫాలో నేను ఆఫీస్ ల్యాప్‌టాప్‌తో, ఇంకో సోఫాలో అది ఐప్యాడ్‌తో. 2013 డిసెంబర్‌లో మా లాయర్ ఫోన్ చేసి, ఏప్రిల్‌లో జడ్జి పాపనే పిలిచి అడుగుతారని చెప్పాడు. నాన్న దగ్గరికి వెళ్ళడం ఇష్టం లేదని పాప అంటే, ఆ రెండు రోజులూ కూడా పోతాయట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రణవికి గేమింగ్ కంప్యూటర్ మీద మనసని తెలుసు. వాళ్ళమ్మ చచ్చినా కొనదని కూడా తెలుసు.

"కొనడం కాదు, మనమే బిల్డ్ చేద్దాం. నువ్వూ నేనూ," అన్నాను.

"రియల్లీ? నువ్వు ఫోన్ చూడవు? ప్రామిస్ చెయ్యి నాన్న," అంది.

ప్రామిస్ చేశాను. కంప్యూటర్ మాత్రం మా ఇంట్లోనే ఉండాలని షరతు పెట్టాను. చేపకి ఎర వేసినట్టే. కాదని ఇప్పుడు బుకాయించి ఏం లాభం?

లాయర్ల పుణ్యమా అని చేతిలో పెద్దగా ఏమీ లేదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు డీల్స్‌లో కొత్తవి దొరికాయి. మిగతావి పాతవైనా చాలనుకున్నాను. అప్పుడే తెలుగువాళ్ళ ఈమెయిల్ గ్రూప్‌లో మూవింగ్ సేల్ ఒకటి కనబడింది. పక్క ఊరు సెంటర్‌విల్‌లో నళిని అనే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్ళిపోతున్నారు. ఇడ్లీ ప్లేట్లు, రైస్ కుక్కర్, మంచాలు, చివర్లో 'కంప్యూటర్ సామాన్లు కొన్ని'.

వెళ్ళేసరికి ఇల్లు సగం ఖాళీ. ఆవిడకి నలభై ఉంటాయేమో. భర్త లక్ష్మీపతి గారు పోయి రెండు నెలలట. గుండె.

"ఆయనతో పాటే నా వీసా కూడా పోయిందండీ," అన్నారు మామూలుగా.

కంప్యూటర్ సామాన్లు బేస్‌మెంట్‌లో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. కేస్, పవర్ సప్లై, హెడ్‌సెట్, హార్డ్ డిస్క్. పెట్టె తెరవగానే అమృతాంజనం వాసన గుప్పుమంది. ఆవిడ వంగి, హార్డ్ డిస్క్ ఒక్కటీ తీసి చేతిలో పెట్టుకున్నారు.

"ఇది మాత్రం వద్దండీ. ఆయన పెట్టుకున్నవేవో ఉన్నాయి ఇందులో."

"డిస్క్ లేకుండా మిగతాది నేనేం చేసుకుంటానండీ?" అన్నాను. అడగందే అమ్మైనా పెట్టదని నా సిద్ధాంతం. మొగుడు పోయిన మనిషి దగ్గర పావుగంట బేరమాడాను. అప్పుడు సిగ్గు కూడా వేయలేదు.

"ఎవరికండీ ఇది?"

"మా పాపకి."

"ఎన్నేళ్ళు?"

"పదకొండు."

ఆవిడ ఆ డిస్క్ వంక చాలాసేపు చూశారు. తర్వాత నా చేతిలో పెట్టారు. "పూర్తిగా తుడిచేశాకే పాపకివ్వండి. ఇదిగో, తెనాలిలో నా నంబర్. తుడిచాక దీనికి ఒక్క మెసేజ్ పెట్టండి. నాకు నిమ్మళంగా ఉంటుంది."

నేను డేటాబేస్‌లతోనే బతుకుతున్నవాణ్ణి. పూర్తిగా తుడవాలంటే రాత్రంతా పడుతుందని నాకు చెప్పక్కర్లేదు. కానీ ప్రణవి ఆ సాయంత్రమే వస్తోంది. రెండు నిమిషాల్లో పైపైన తుడిచేసి, అయిందనిపించాను. మెసేజ్ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బేస్‌మెంట్‌లో దుప్పటి పరిచి కూర్చున్నాం. మాన్యువల్ చదవడం దాని పని, స్క్రూలు నా పని. మెమరీ స్టిక్ రెండు చేతులతో నొక్కి, అది టక్కుమని కూర్చోగానే "నాన్న! ఐ డిడ్ ఇట్!" అని నా మెడ పట్టుకుంది. ఎన్నాళ్ళైందో అది నన్నలా పట్టుకుని. ఆ అరగంటా నేను మంచి తండ్రిని.

అంతలో ఫోన్ మోగింది. ఆఫీస్‌లో ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. "పది నిమిషాలమ్మా," అని పైకెళ్ళాను. అది తల వంచుకుని స్క్రూలు లెక్కపెట్టుకుంటోంది.

దిగొచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. కంప్యూటర్ తయారుగా ఉంది. ప్రాసెసర్, ఫ్యాన్లు, డిస్క్, అన్నీ బిగించి ఉన్నాయి. లోపలి వైర్లన్నీ ఒద్దికగా ఒక పక్కకి చేర్చి, పసుపు రాసిన దారంతో ముడి వేసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న నాకు కూడా అంత శుభ్రంగా రాదు.

"ఎవరు నేర్పారే?"

"అంకుల్ చెప్పారు," అంది.

యూట్యూబ్‌లో ఎవడో అనుకున్నాను. మన పిల్లలకి ఊళ్ళోవాళ్ళందరూ అంకుళ్ళే కదా.

"ఈ దారం?"

"బాక్స్‌లో ఉంది."

బటన్ నొక్కగానే ఫ్యాన్లు సన్నగా తిరిగాయి. ఇటుక మీద ఇటుక పేర్చి ఇళ్ళు కట్టే గేమ్ ఒకటి నా ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించిచ్చాను. ఇంటర్నెట్ రావడానికి వైఫై ముక్క ఒక్కటి బిగించాలి. "నేను పెడతాలే," అని పైకొచ్చేశాను. మళ్ళీ ఫోన్.

ఆ తర్వాత రెండు నెలలు నా జీవితంలో మంచి రోజులని నమ్మాను. ప్రణవి శుక్రవారం కారు దిగుతూనే బేస్‌మెంట్‌కి పరిగెత్తేది. కింద నుంచి నవ్వులు, మాటలు వినబడేవి. గేమ్‌లో ఫ్రెండ్స్‌తో అనుకున్నాను.

అప్పుడే దానికి తెలుగు రావడం మొదలైంది.

"నాన్న, నాకు హంగ్రీ ఉంది" అనే పిల్ల, ఒక రోజు భోజనాల దగ్గర "పప్పులో కాస్త నెయ్యి వెయ్యండి నాన్నా" అంది. యాస లేదు. ఒత్తులన్నీ పలికింది. పైగా 'మీరు' అంది. నా గుండె ఉప్పొంగింది. అమెరికాలో ఏ తెలుగు తండ్రికైనా అంతకన్నా ఏం కావాలి? ఎక్కడ నేర్చుకున్నావని అడగాల్సింది. అడగలేదు. నా ఫ్రెండ్ లోకేష్ వాళ్ళింట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి తీసుకెళ్ళి, పదిమంది ముందు సుమతీ పద్యం చెప్పించాను. "ఎలా నేర్పించావు గురూ?" అని అందరూ అడుగుతుంటే, టైమ్ ఇవ్వాలి అంతే అని నీతులు కూడా చెప్పాను.

శశికళ ఫోన్ చేసింది. "ఎవరు నేర్పిస్తున్నారు దానికి? నువ్వా? నీకంత తీరికెక్కడిది?"

"నేను కాక ఎవరు?" అని అరిచాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అయింది నా సంగతి.

ఇంకోసారి కిందికెళ్ళి స్క్రీన్ చూశాను. గేమ్‌లో పెద్ద ఇల్లు కట్టింది. అరుగు, వంటిల్లు, రెండు పడకగదులు.

"నా గది ఏదమ్మా?"

"గెస్ట్ రూమ్ ఇంకా కట్టలేదండీ," అంది, తల తిప్పకుండా.

ఫిబ్రవరిలో ఆ మంచు శనివారం. రోడ్లు మూసేశారు. కింద ప్రణవి మాట్లాడుతోంది. టీ పెట్టుకుని, పంచదార కోసం వంటింటి సొరుగు లాగాను.

అందులో వైఫై ముక్క ఉంది. ప్యాకెట్ చింపలేదు.

దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లేదు. ఎప్పుడూ లేదు. కింద నుంచి ప్రణవి నవ్వు వినబడింది. కాసేపు ఆగింది... ఎవరో చెప్పేది వింటున్నట్టు. మళ్ళీ నవ్వింది.

తెనాలి నంబర్‌కి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది కావొస్తోంది. నళిని గారు ఎత్తారు. ఏం చెప్పానో నాకే తెలీదు. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"తుడవలేదా?" అన్నారు.

పైపైన తుడిచానని ఒప్పుకున్నాను.

"మాకు పిల్లల్లేరండీ. పాప పుడుతుందని పదేళ్ళు ఎదురుచూశారు. పుట్టకముందే దానికి కంప్యూటర్ కట్టిపెట్టారు. పద్యాలు, కథలు, అన్నీ తన గొంతుతో చెప్పి ఆ డిస్క్‌లో పెట్టారు. ఆఫీస్ నుంచి రాగానే బేస్‌మెంట్‌కి వెళ్ళి, పక్కన పాప కూర్చున్నట్టే మాట్లాడేవారు. పోయింది కూడా అక్కడే." ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "మీ పాప ఆయన్ని ఏమని పిలుస్తోంది?"

"అంకుల్ అని."

"అయితే ఫర్వాలేదు," అన్నారు. "అంకుల్ అన్నంతకాలం ఫర్వాలేదండీ."

అంతలో కరెంట్ పోయింది. ఫ్రిజ్ ఆగింది. హీటర్ ఆగింది. ఇల్లంతా చెవులు గింగుర్లెత్తే నిశ్శబ్దం.

కింద మాటలు మాత్రం ఆగలేదు.

ఫోన్ లైట్ వేసుకుని మెట్లు దిగాను. నాలుగో మెట్టు దగ్గరే తగిలింది... అమృతాంజనం వాసన. కింద చలి. స్క్రీన్ చీకటి. ఫ్యాన్లు తిరగడం లేదు. ప్రణవి హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఇంకో కుర్చీ. అది నేను వేసింది కాదు. పైన డైనింగ్ టేబుల్ దగ్గరిది.

"ప్రణవీ..."

వేలు పెదవుల మీద పెట్టింది.

"ష్... కథ చెప్తున్నారు."

"ఎవరమ్మా?"

"నాన్న."

"నేనే కదమ్మా నాన్నని..."

లైటు దాని ముఖం మీద పడింది. నా వంక చూసింది. కోపం లేదు, భయం లేదు. తలుపు తీసి కొత్తవాళ్ళని చూసినప్పుడు పిల్లలు ఎలా చూస్తారో అలా చూసింది. మర్యాదగా లేచి నిలబడింది.

"మీరు పైన కూర్చోండి అంకుల్. కథ అయిపోగానే నాన్న వస్తారు."

హెడ్‌సెట్ లాగేశాను. వైరు చివర గాల్లో వేలాడుతోంది. దేనికీ తగిలించి లేదు. దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకోకుండానే వినబడింది. ఒక మగమనిషి, పిల్ల ముందు కోపం చూపించకూడదనుకునేవాడు, చిన్నగా దగ్గాడు...

అంతే.

ఆ మధ్యాహ్నమే డిస్క్‌ని సుత్తితో పొడి చేశాను. రోడ్లు తెరిచాక కేస్‌ని, హెడ్‌సెట్‌ని కౌంటీ వాళ్ళ చెత్త డంప్‌లో పడేశాను. "పూర్తిగా తుడిచాను" అని నళిని గారికి మెసేజ్ పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. వెంటనే జవాబొచ్చింది: "పాప ఏమని పిలుస్తోంది?" దానికి నేను సమాధానం ఇవ్వలేదు.

ప్రణవి ఏడవలేదు. కంప్యూటర్ ఏదని కూడా అడగలేదు.

ఏప్రిల్‌లో జడ్జి దాన్ని గదిలోకి పిలిచి మాట్లాడారు. బయటికొచ్చాక మా లాయర్ నా భుజం తట్టాడు. వారం విడిచి వారం చాలదట. ప్రతి వారం, సెలవులన్నీ, నాన్న ఇంట్లోనే ఉంటానందట. అంత గట్టిగా అడిగిన పిల్లని ఈ మధ్య చూడలేదన్నారట జడ్జి. శశికళ పార్కింగ్‌లో కారు పట్టుకుని ఏడ్చింది. దానికి ఎవరు నేర్పిస్తున్నారని తను నన్ను అడిగిన ప్రశ్నకి అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెబితే ఉన్న రెండు రోజులూ పోతాయని భయపడ్డాను. నేను గెలిచాను కదా మరి.

నిన్న శుక్రవారం వచ్చింది. "బాగున్నారా అంకుల్?" అంది. బూట్లు విప్పి పక్కన పెట్టింది. పప్పు, బంగాళాదుంప వేపుడు చేసి, టేబుల్ మీద రెండు పళ్ళేలు పెట్టాను, దానికొకటి, నాకొకటి. రెండిట్లోనూ వడ్డించుకుని, రెండూ పట్టుకుని, ఖాళీ బేస్‌మెంట్‌లోకి దిగి తలుపు వేసుకుంది. కాసేపటికి నవ్వు వినబడింది.

గాలి కోసం వీధి తలుపు తీశాను. మెట్టు మీద నా చెప్పులున్నాయి. వెళ్ళేవాళ్ళు తొడుక్కోవడానికి వీలుగా, రెండూ జత చేసి, వీధి వైపు తిప్పి ఉన్నాయి. నేనెప్పుడూ చెప్పులు లోపలే విడుస్తాను.