పడవ కోసం పంపిన ఫొటో

మధ్యాహ్నం అన్నం తిని, అమ్మ ఫోన్ పట్టుకుని దీవెన కిటికీ దగ్గర కూర్చుంది. రెండు రోజులుగా ఒకటే వాన. స్కూలుకు సెలవు. నాచారంలోని వాళ్ల వీధంతా బురదనీళ్లు.

అప్పుడే కాలనీ గ్రూపులో వార్డు ఆఫీసు మెసేజ్ వచ్చింది.

"మీ వీధిలో నీళ్లు ఎంత లోతున్నాయి? ఎవరికైనా సాయం కావాలా? ఇప్పటి ఫొటో తీసి ఈ నంబరుకు పంపండి."

"అమ్మా, నేను పంపాల్నా?"

"పంపు బిడ్డా. మంచిగ సూసి రాయి," అంది వంటింట్లోంచి వాళ్లమ్మ ఎలిజబెత్.

ఫోన్ తెరవగానే దీవెన కళ్లు పాత ఫొటోల మీద పడ్డాయి. నాలుగేళ్ల కిందటి వాన! అప్పుడామె ఒకటో తరగతి. వీధిలో నడుము లోతు నీళ్లు. చుట్టుపక్కల వాళ్లందరూ వీళ్ల డాబా ఎక్కారు. పెద్ద గిన్నెలో కిచిడీ ఉడికింది. కరెంటు లేదు, టీవీ లేదు. తాత శాంతయ్య పాట ఎత్తుకుంటే పిల్లలంతా గొంతు కలిపారు. తెల్లారి నారింజరంగు పడవ వచ్చింది. తాత ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "భయమైతుందా బిడ్డా?" అని అడిగాడు. భయమే వేయలేదు.

ఇప్పుడు తాత లేడు. ఆ పడవైనా ఇంకొక్కసారి వస్తే ఎంత బాగుండు!

కానీ ఈసారి నీళ్లు చీలమండ దాటలేదు. దీనికి పడవ ఎవరు పంపుతారు? దీవెన కాసేపు ఆలోచించింది. పాత ఫొటోనే పంపేసింది. కింద "నడుము దాకా నీళ్లు. పడవ పంపండి" అని రాసింది.

ముప్పావుగంటలో ఉప్పల్ వైపు నుంచి ఒక వ్యాను వచ్చింది. పైన నారింజరంగు పడవ! దీవెన పరుగున మెట్లు దిగింది. వెనకాలే ఎలిజబెత్ వచ్చింది.

యూనిఫాం వేసుకున్న సహాయ బృందం మనిషి విక్రమ్ వ్యాను దిగాడు. అతని బూట్లు కూడా మునగలేదు.

"నడుము దాకా అని ఫొటో వచ్చింది. ఏడున్నయి నీళ్లు?"

దీవెన అమ్మ వెనక్కి జరిగింది. ఇంతలో విక్రమ్ ఫోన్ మోగింది. వింటూనే అతని ముఖం మారిపోయింది.

"మురికి నాలా పక్క గల్లీల ఛాయాదేవి అని ఒక పెద్దామె ఒక్కతే ఉన్నదంట. ఇంట్ల నీళ్లు మంచం దాకా వచ్చినయంట. ఆ గల్లీ దాటుకొనే వచ్చినం గదా!"

ఛాయాదేవి టీచర్! దీవెనకు పక్కన కూర్చుని ఒత్తులు నేర్పింది ఆవిడే. వ్యాను గిరుక్కున వెనక్కి తిరిగింది.

గంట తర్వాత అదే వ్యాను టీచర్‌ను నీళ్లు తక్కువున్న వీళ్ల వీధికే తీసుకువచ్చింది. నిలువెల్లా తడిసి వణుకుతున్న ఆవిడను ఎలిజబెత్ లోపలికి తీసుకెళ్లి దుప్పటి కప్పింది.

"వంటగట్టు ఎక్కి నిలబడ్డానమ్మా," అన్నారు టీచర్. "వ్యాను చప్పుడు వినిపించింది. నా కోసమే అనుకున్నాను. దాటిపోయింది."

టీ ఇస్తున్న దీవెన గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి పరుగెత్తింది.

"అన్నా, ఆ ఫొటో పాతది. పడవ ఎక్కాలని నేనే పంపిన."

విక్రమ్ టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఉన్నయే రెండు పడవలు పాపా. మీరు ఎటు రమ్మంటే అటే పోతం," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఎలిజబెత్ అంతా విన్నది. తిట్టలేదు. "గొడుగు తీస్కో. నేనూ వస్త," అంది.

ఇద్దరూ వీధిలో ఆరిళ్ల తలుపులు తట్టారు. తర్వాత దీవెన నీళ్లలో నిలబడి తన కాళ్లనే ఫొటో తీసింది. చీలమండల దాకా బురదనీళ్లు. ఫొటో ఏమంత అందంగా లేదు. దాని కింద ఇలా రాసింది:

"ముందు పంపిన ఫొటో పాతది. తప్పు నాదే. ఇది ఈ రోజు సాయంత్రం నాలుగున్నరకు తీసింది. మాకు పడవ వద్దు. చివరి ఇంట్లో పట్టాభిరామయ్య గారికి బీపీ మాత్రలు అయిపోయాయి, అవి కావాలి. మిగతా ఐదిళ్లలో అందరూ బాగున్నారు. అడిగి రాశాను. దీవెన, ఐదో తరగతి."

పంపాక ఫోన్ అమ్మకిచ్చింది.

"అమ్మా, పక్క వీధిల ఎవరన్న రాసి పంపిన్రో లేదో," అంటూ అటువైపు నడిచింది.