మూడు గుర్తులు

ఆ వారపత్రిక ఆఫీసులో అతన్ని అందరూ ‘అటగారు’ అనేవారు. అతను రాసే సినిమా కబుర్లలో ప్రతి వాక్యమూ ‘అట’తోనే ముగిసేది మరి. విడిపోయారట, కలిసిపోయారట, ముక్కు సరిచేయించుకుందట. పేజీ కింద రాసినవాడి పేరుండేది కాదు. అలాంటి రాతలకి పేరు పెట్టుకునేంత ధైర్యం ఎవరికుంటుంది!

మూడేళ్ల క్రితం ఒక హీరోయిన్ షూటింగ్ మధ్యలో టీ తాగొస్తానని వెళ్లి మరి రాలేదు. పోలీసులు వెతికారు, అభిమానులు ఏడ్చారు, నెల తిరిగేసరికి అంతా చల్లబడింది. చల్లబడనిది ఎడిటర్ ఒక్కడే.

“చచ్చిపోయిందని తేలితే ఒక్కరోజు వార్త. తేలకపోతే ఏళ్ల తరబడి వార్త. తేలనివ్వకు,” అన్నాడు.

అటగారు తేలనివ్వలేదు. వారం వారం ఆమెను ఎక్కడో ఒకచోట చూపించాడు. బస్టాండులో కనిపించిందట, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుందట. అబద్ధం నిలబడాలంటే మూడు గుర్తులుండాలని అతని లెక్క. వేసుకున్న బట్ట, చేతిలో ఒక వస్తువు, ఒంటి మీద ఓ దెబ్బో మచ్చో. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. ఆమె చేత ఎప్పుడూ మాట్లాడించకూడదు. మాట రాస్తే రేపెవరైనా నిలదీస్తారు.

ప్రతి శుక్రవారం పదకొండింటికి, పత్రిక ఇళ్లకు చేరాక, అతని బల్ల మీద ఫోను మోగేది. ఆ అమ్మాయి తల్లి.

“బాబూ, పసుపు స్వెట్టర్ అన్నావు. గుండీలు ఏ రంగో చెప్పారా, చూసినవాళ్లు?”

మొదటిసారే ‘అంతా కల్పనమ్మా’ అని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. “ఆకుపచ్చ గుండీలటమ్మా,” అన్నాడు. ఆవిడ ఎంత సంతోషపడిందో! ఆ సంతోషానికి అతను అలవాటు పడిపోయాడు. తన తల్లి పోయాక, తన గొంతు కోసం అలా ఎదురుచూసేవాళ్లు అతనికి వేరే లేరు.

మూడో ఏడాదికి జనానికి విసుగెత్తింది. “ఇక శవం దొరకాలి. కానీ ఒక ముడి మాత్రం వదిలిపెట్టు,” అన్నాడు ఎడిటర్. అటగారు రాసిచ్చాడు. ఏటి ఒడ్డున శవం దొరికిందట, ముఖం గుర్తుపట్టేలా లేదట, బిగిసిన గుప్పిట్లో ఒక కాగితం, దాని మీద ఎవరిదో పేరు ఉందట. ఎవరి పేరన్నది అతనూ ఇంకా అనుకోలేదు. అది వచ్చే వారం సంగతి.

గురువారం మధ్యాహ్నం పత్రిక అచ్చుకెళ్లాక అతనికి ఆవిడ గుర్తొచ్చింది. రేపు పదకొండింటికి ఆవిడకేం చెప్పాలి? ఫోనులో చెప్పే ముక్క కాదు. కాళ్ల మీద పడైనా సరే, మొదటి నుంచీ అంతా అబద్ధమని చెప్పేయాలనుకుని సాయంత్రం ఆవిడ ఇంటికి బయల్దేరాడు.

మూడో అంతస్తు. ముసురు పట్టి మెట్లన్నీ చీకటిగా ఉన్నాయి. ఆవిడ తలుపు తీయగానే ఆరని బట్టల వాసన గుప్పుమంది. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి దండెం. దాని మీద పసుపు స్వెట్టర్, ఆకుపచ్చ గుండీలు. పక్కన బూడిదరంగు శాలువా, ఎర్ర చుక్కల గౌను. అన్నీ తను రాసినవే. పిచ్చితల్లి, ఒక్కొక్కటీ కొని దాచుకుందనుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

“అమ్మా, నేను పత్రికాఫీసు నుంచి...”

“గొంతు గుర్తుపట్టాను నాయనా. మెల్లగా మాట్లాడు,” ఆవిడ గుసగుసగా అంది. “లోపల పడుకుంది.”

“ఎవరు?”

“ఎవరేమిటి? ప్రతి శుక్రవారం నువ్వేగా పంపిస్తున్నావు!”

లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. ఆ చీకట్లోంచి... టప్... టప్... నీటి చుక్కలు.

“వానలో నిలబడిందని రాశావు కదా, పోయినేడు. ఎంత తుడిచినా జుట్టు ఆరట్లేదు. వేలికి కట్టుందన్నావు. ఆ దెబ్బ మానట్లేదు. మానిందని నువ్వెప్పుడూ రాయలేదు మరి.” ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. “ఇవన్నీ నేను చూసుకుంటాలే. ఒక్కటే అడుగుతాను, కాదనకు. అది మాట్లాడదు బాబూ. నా ఎదురుగా కూర్చుని గోడకేసి చూస్తుంది. ‘అమ్మా’ అందని రాయవూ? ఒక్కసారి. ఒక్క వాక్యం.”

భయం కంటే ముందు అతనికి ఏడుపొచ్చింది. నూటయాభై వారాలు రాశాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి తనకేం పోయేది?

లోపల మంచం కిర్రుమంది. తడి పాదం నేల మీద ఆనింది. ఇంకో పాదం. తలుపు సందులోకి నాలుగు వేళ్లు వచ్చాయి... ఒక వేలికి మాసిన కట్టు.

అతను పరిగెత్తాడు. మెట్లు దిగుతూనే ప్రెస్సుకి ఫోను చేశాడు. “ఆ పేజీ ఆపండి! ఎలాగైనా ఆపండి!”

“కట్టలు బండెక్కి గంటైందండీ,” అన్నాడు మెషీన్ దగ్గరి మనిషి.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి, ఎవరూ అడక్కుండానే, వచ్చే వారం పేజీ రాయడానికి కూర్చున్నాడు. దొరికిన శవం ఆమెది కాదట. వేలి దెబ్బ మానిందట. జుట్టు ఆరిందట. ఇల్లు చేరి, గుమ్మంలో నిలబడి, ‘అమ్మా’ అందట. ఆ మాట దగ్గర ఉండగా ఫోను మోగింది. పదకొండు.

కలం పెట్టేసి ఎత్తాడు.

“బాబూ... ముఖం గుర్తుపట్టేలా లేదని రాశావు,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. “కన్నదాన్ని కదా. నేను గుర్తుపట్టాను.”

అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. “అమ్మా, తప్పు చేశాను. అంతా నేనే కల్పించాను. ‘అమ్మా’ అందని ఇప్పుడే రాశాను, ఇదిగో, వచ్చే వారం...”

“వచ్చే వారం దాకా అది ఆగేలా లేదయ్యా. గుప్పిట విప్పమని ఎంత బతిమాలినా విప్పలేదు. ఇందాక తనే విప్పి, ఆ కాగితం చూసుకుని, లేచి బయటికెళ్లిపోయింది. దాని మీద పేరు నేనూ చదివాను. మావాళ్లెవరిదీ కాదు. మూడేళ్లుగా మాట్లాడుకుంటున్నాం, ఎప్పుడూ అడగనే లేదు. నీ పేరేమిటి బాబూ?”

బల్ల మీది కాగితంలో, ‘అమ్మా’ అన్న మాట మీద నీటి చుక్క పడి సిరా అలుక్కుపోయింది. తన కన్నీరే అనుకున్నాడు.

రెండో చుక్క... వెనక నుంచి, అతని మెడ మీద పడింది.