కొంగలు ఓడిన సాయంత్రం

మా అత్త నెల్డా ఆ మధ్యాహ్నం వంటింట్లో వేరుశెనక్కాయలు ఉడకబెడుతోంది. ఉప్పునీళ్ళ ఆవిరి ఇల్లంతా పట్టింది. బయట సన్నటి వాన. మా దక్షిణ అలబామాలో డిసెంబరు నెలలో మంచు పడదు, ఎముకల్లోకి దిగే ఇలాంటి వానే పడుతుంది. ముందుగదిలో టీవీ ఎదురుగా నా మొగుడు కర్టిస్ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. పక్క సోఫాలో మా మామ తమ్ముడు డబ్ ఆట మొదలు కాకుండానే రెండో బీరు తెరిచాడు.

మా టస్కోబా స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుని అందరూ కొంగలనే పిలుస్తారు. సీజన్లో సగం ఆటలైనా గెలిచిన జట్టుకి ఏడాది చివర బౌల్ ఆటకి పిలుపొస్తుంది. పేరున్న జట్లకి పేరున్న బౌళ్ళు. మాకు మాత్రం చిలగడదుంపల వ్యాపారులు ఖర్చు పెట్టుకుని జరిపించే చిలగడదుంప బౌల్. పై ఊళ్ళవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ, మాకదే పెద్ద పండగ.

"ఒహాయో వాళ్ళు ఒక్కొక్కడూ ఫ్రిజ్ అంత ఉన్నాడ్రా," అన్నాడు డబ్. "మన కొంగలకి ఇవాళ ఈకలు కూడా మిగలవు."

"నోరు మూసుకుని తాగు చిన్నాన్నా," అన్నాడు కర్టిస్. నవ్వుతూ అన్న మాట కాదది.

ఆ గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మా మామ రాయిస్ కుర్చీ. ఏడాది నుంచీ దాంట్లో ఎవరూ కూర్చోలేదు.

మా మామ కొంగలంటే ప్రాణం పెట్టేవాడు. కానీ ఆయన చూస్తే కొంగలు ఓడతాయి. ఇది నా మాట కాదు, ఊరంతా అనే మాటే. ఎప్పుడో కుర్రతనంలో, స్టేడియంలో జట్టు చిత్తుగా ఓడిపోతుంటే ఒళ్ళు మండి, వానలో నడుచుకుంటూ వెళ్ళి తన పికప్ బండిలో కూర్చున్నాడట. ఆయన బండి తలుపు వేసుకున్నాక కొంగలు పుంజుకుని గెలిచాయి. మరోసారి టెన్నెసీ వాళ్ళ మీదా అంతే. పొగమంచులో బంతి కూడా కనబడని జార్జియా ఆటలోనూ అంతే. దాంతో అది ఇంటి ఆచారమైపోయింది. జట్టు వెనకబడిందంటే అందరూ ఆయన మొహం చూస్తారు. ఆయన టోపీ పెట్టుకుని, పుదీనా వాసనేసే పొగాకు డబ్బా జేబులో వేసుకుని, గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్ళి బండిలో కూర్చుంటాడు. ఆట అయ్యేదాకా ఎవరూ పిలవకూడదు, ఆయన లోపలికి రాకూడదు. గెలిచాక అందరూ వెళ్ళి పాటలు పాడుతూ తీసుకొస్తారు. ఇలాంటి పిచ్చి మా వైపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఉతకని సాక్సులు వేసుకునేవాడొకడు, సోఫాలో ఒకే మూల కూర్చునేవాడొకడు. మా ఇంట్లో మనిషినే బయట కూర్చోబెట్టేవాళ్ళు.

పోయిన ఏడాది బౌల్ ఆటలోనూ ఆయన్ని బండిలోకి పంపారు. ఆ రోజు నేను వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉన్నాను, ఇదంతా తర్వాత విన్నదే. కొంగలు పుంజుకుంటున్నాయి. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా మామ వచ్చి వంటింటి తలుపు కొట్టాడట. ఒంట్లో బాగాలేదని ఏదో అన్నాడట. లోపల అరుపుల్లో ఆ మాట ఎవరికీ పట్టలేదు. కర్టిస్ పరిగెత్తుకెళ్ళి గడియ వేసి, "ఇప్పుడొద్దు నాన్నా! కాస్త ఓపిక పట్టు, గెలుస్తున్నాం!" అన్నాడట. అందరూ పగలబడి నవ్వారట. కొంగలు గెలిచాయి. పాడుకుంటూ తీసుకురావడానికి వెళ్ళేసరికి, మామ బండిలో గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు తెరిచే పోయి ఉన్నాడు.

తలుపు తీసి ఉంటే బతికేవాడా అని డాక్టర్ని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. కర్టిస్ మాత్రం ఆ రోజు నుంచీ నిద్రలో గడియ తీస్తూనే ఉన్నాడు. కళ్ళు మూసుకునే చెయ్యి గాల్లోకి లేపి, వేళ్ళు పక్కకి జరిపేవాడు. పక్కన పడుకుని అది చూడలేక ఏడ్చేదాన్ని. నా మొగుణ్ణి ఆ తలుపు దగ్గర్నుంచి వెనక్కి తెచ్చుకోవాలి. నాకు కావలసింది అంతే. అందుకే ఈసారి ఆట అందరం కలిసి చూడాలని అత్త పట్టుబట్టినప్పుడు, పోనీ, కూర్చుని చూస్తేనన్నా మనసు తేలికపడుతుందేమోనని నేనే అతన్ని బతిమాలి తీసుకొచ్చాను.

సగం ఆట అయ్యేసరికి ముప్పై ఒకటికి ఏడు. ఏడు మావి. "చెప్పానా," అన్నాడు డబ్, కానీ గొంతులో ఎగతాళి లేదు. బయట వెలుగు పోయింది. వాన ఆగి పొగమంచు దిగింది. అలవాటు కొద్దీ అందరం ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాం. చూసి తలలు దించుకున్నాం.

అప్పుడు వంటింటి తలుపు మీద చప్పుడైంది.

గట్టిగా కాదు. మొహమాటపడుతూ వేలి కణుపుతో కొట్టినట్టు...

డబ్ టీవీ గొంతు తగ్గించాడు. "గాలి," అన్నాడు మెల్లగా. గాలి లేదు. పొగమంచు కిటికీకి అతుక్కుని కదలకుండా ఉంది.

మళ్ళీ చప్పుడు. తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. వేరుశెనక్కాయల ఆవిరిని తోసుకుంటూ పుదీనా, పొగాకు, తడి బట్టలు...

"తియ్యరా," అంది అత్త. "పోయినసారి తియ్యలేదు. ఈసారైనా తియ్యి."

"అమ్మా..."

"చలిలో ఉన్నాడురా. వెళ్ళి నాన్నని పిలుచుకురా."

నేను కర్టిస్ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు, మెత్తగానే. గడియ తీశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. అవతల షెడ్డులో బండి ఉంది. దాని బ్యాటరీ తీసేసి చాలా కాలమైంది, నేనే దగ్గరుండి తీయించాను. అయినా బండి లోపల పైకప్పుకి ఉన్న చిన్న దీపం వెలుగుతోంది. కర్టిస్ చెప్పులు కూడా వేసుకోకుండా తడి గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళాడు. బండి తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

టీవీలో రెండో సగం మొదలైంది. వచ్చిన మొదటి బంతినే పట్టుకుని కొంగల కుర్రాడొకడు మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తేశాడు. టచ్‌డౌన్. మాకింకో ఏడు. ముప్పై ఒకటికి పద్నాలుగు.

డబ్ ఎగిరి నిలబడ్డాడు. ఇందాకటి భయమంతా ఏమైపోయిందో! "చూశావా? వాణ్ణక్కడే ఉంచండి! రాయిస్ కొడుకు కాదూ, రక్తం ఎక్కడికి పోతుంది!"

"నేను వెళ్ళి తీసుకొస్తాను," అన్నాను.

"నీకేమన్నా పిచ్చా లనెట్? ఆట నడుస్తుంటే పిలుస్తారా ఎవరైనా?" వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. డబ్ నిలబడితే గుమ్మం నిండిపోతుంది.

వంటింటి కిటికీ దగ్గరికి పోయాను. బండి అద్దాలకి లోపలినుంచి ఆవిరి పట్టింది. డ్రైవర్ సీట్లో ఒక ఆకారం. పక్క సీట్లో ఇంకొకటి. రెండూ ముందుకే చూస్తున్నాయి...

ఒహాయో వాళ్ళ చేతిలోంచి బంతి జారింది. కొంగలు తన్నుకుపోయాయి. ఇరవై ఒకటి. డబ్ గుమ్మంలోనే గంతులేస్తున్నాడు, నేల అదురుతోంది. నేను కిటికీ వదల్లేదు. బండిలో ఆకారాలు ఇందాకటికంటే దగ్గరగా జరిగాయి. దీపం కొంచెం తగ్గింది.

ఇరవై ఎనిమిది. దీపం ఇంకా తగ్గింది. ఇప్పుడు రెండు తలలూ ఆనుకుని ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియడం లేదు.

అప్పుడర్థమైంది నాకు. కొంగలు ఊరికే పుంజుకోవడం లేదు. పోయినసారి వాళ్ళు గెలిచేసరికి బండిలో మనిషి ఏమయ్యాడో నాకు తెలుసు. బుద్ధెరిగాక మొదటిసారి ఎదుటి జట్టు కోసం దణ్ణం పెట్టుకున్నాను. "దేవుడా, ఒహాయోని గెలిపించు. మావాళ్ళ కాళ్ళు విరగ్గొట్టు. నా మొగుణ్ణి నాకిచ్చెయ్యి." పైకే అన్నట్టున్నాను. చర్చిలో ఉమ్మేసినా డబ్ నన్ను అలా చూసి ఉండడు.

అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "కాస్త మాట్లాడుకోనీ అమ్మా వాళ్ళని. ఏడాదైంది," అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళు మాత్రం వదల్లేదు.

ఆఖరి క్షణాలు. కొంగలు గెలుపు గీత ముందుకి వచ్చేశాయి, ఒక్క తోపు తోస్తే చాలు. డబ్ గుమ్మం వదిలి టీవీకి ముక్కు ఆనించాడు. నేను మా అత్త చెయ్యి కొరికాను. అవును, కొరికాను. పరిగెత్తాను.

బండి తలుపు పీకి తెరిచాను. లోపల బయటికంటే చలి. కర్టిస్ ఒక్కడే ఉన్నాడు. మొహమంతా తడి.

"లే. ఇంట్లోకి పద."

"నాన్న ఏడుస్తున్నాడే," అన్నాడు గుసగుసగా. "ఆట అయిపోయిందని... ఎవరూ పిలవలేదట. ఇంకా అవలేదేమోనని... ఇక్కడే కూర్చున్నాడట."

నిజమే. పోయిన మనిషిని చూసి అందరూ గొల్లుమన్నారు గానీ, ఆట అయిపోయింది, లోపలికి రా అని ఎవరంటారు?

"సరే, ఇప్పుడు తెలిసిందిగా ఆయనకి. నువ్వు లే."

"నేను కూర్చుంటాను... నువ్వు లోపలికెళ్ళి వెచ్చగా ఉండు నాన్నా అన్నాను."

"ఏమన్నావ్?"

అతని తల వాలిపోయింది. దీపం ఆరింది.

చంకల కింద చేతులేసి లాగాను. కాసేపటికి కాళ్ళు కూడదీసుకుని నిలబడ్డాడు, నడిచాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది. వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. రమ్మని లాగాను. కదల్లేదు.

"లోపలికి రా," అంది అత్త.

వచ్చాడు.

అతని కాలు లోపల పడ్డప్పుడే టీవీలో జనం ఒక్కసారిగా మూలిగారు. గీత ముందు కొంగల చేతిలోంచి బంతి జారిపోయింది. ఒహాయో వాడొకడు దాని మీద బోర్లా పడ్డాడు. అయిపోయింది.

"ఒరే శనిగాడా!" డబ్ టోపీ నేలకేసి కొట్టాడు. "ఇంకొక్క క్షణం ఆగి ఏడవచ్చు కదరా! కాలు పెట్టావో లేదో కొంప ముంచావు. అచ్చం మీ నాన్నే!"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఓడితే ఓడాం, నా మొగుడు ఇంట్లో ఉన్నాడు, అనుకున్నాను. అతను వెళ్ళి రాయిస్ కుర్చీలో కూర్చున్నాడు. పోనీలే, అనుకున్నాను. తుడవడానికి తువ్వాలు తెస్తుంటే, అతను మా అత్త వైపు చూశాడు.

"చలేసిపోయింది పిల్లా. కాస్త కాఫీ పెట్టు."

మా అత్తని పిల్లా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. డబ్ నేల మీది టోపీ తీసుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అత్త కాఫీ పెట్టి తెచ్చింది. కప్పు అందించి, అతని తడి జుట్టు వెనక్కి సవరించింది. ఇన్నాళ్ళకి ఆమె మొహంలో నవ్వు చూశాను.

"గెలిచారా?" అనడిగాడతను.

"గెలిచారు," అంది అత్త. "ఆట ఎప్పుడో అయిపోయింది."

అతను తృప్తిగా తలూపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కర్టిస్ కళ్ళే. కర్టిస్ నోరే.

"ఏంటి కోడలా, అలా నిలబడిపోయావ్?"

వంటింట్లోకి పారిపోయాను. పొయ్యిగట్టు పట్టుకుని నిలబడ్డాను. అత్త నా వెనకాలే వచ్చింది. గిన్నెలో వేడివేడి చిల్లీ, అదే మాంసం బీన్సు పులుసు, పోసింది, పక్కన మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టింది, పైన గుడ్డ కప్పి నా చేతికిచ్చింది. ఆమె చేతి మీద నా పళ్ళ గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"తీసుకెళ్ళమ్మా. చల్లారిపోతుంది."

"ఎవరికత్తా?"

"నీ మొగుడికి." ఆమె కిటికీ వైపు చూడలేదు. "నా బిడ్డ పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

గట్టిగా అరవాలనుకున్నాను. ఒకణ్ణి ఇంట్లోకి తెచ్చుకోవడానికి ఇంకొకణ్ణి బయట వదిలేస్తావా, నువ్వు తల్లివేనా అని నిలదీయాలనుకున్నాను. కానీ ఆమె భుజాలు చప్పుడు లేకుండా అదురుతున్నాయి. ముందుగదిలోంచి కాఫీ చప్పరిస్తున్న శబ్దం వస్తోంది.

గిన్నె పట్టుకుని బయటికి నడిచాను. షెడ్డులో చీకటి. బండి తలుపు నేను తెరిచినట్టే తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

"కర్టిస్..." అన్నాను.

పొగమంచు మాత్రమే ఉంది. గిన్నె స్టీరింగ్ ముందు పెట్టి, కాసేపు కూర్చుందామని సీటు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. నా చేతి కింద సీటు మెల్లగా కదిలింది... నేను కూర్చోవడానికి చోటిస్తూ ఎవరో పక్కకి జరిగారు.